మీ ప్రశ్నలు: చెప్పులు కుట్టిన ముఖ్యమంత్రి

పోయిన సంచికలో మే డే మీద ఒక పాఠకుడికి జవాబిస్తూ కార్ల్ ఆర్నాల్డ్ అనే జర్మన్ కార్మిక నాయకుడి పేరు తలిచాను. చెప్పులు కుట్టడం నేర్చి, కార్మిక సంఘంలో పనిచేసి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రూర్ బొగ్గు గనులున్న రాష్ట్రానికి దాదాపు తొమ్మిదేళ్లు ముఖ్యమంత్రిగా ఉన్న మనిషి అని రెండు వాక్యాలే రాశాను. ఆ రెండు వాక్యాలకు గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి, వరంగల్ నుంచి ఉత్తరాలు వచ్చాయి. బొగ్గు అన్న మాట కనబడితే మన వైపు వాళ్ల కళ్లు అక్కడే ఆగుతాయి. ఈసారి మొత్తం ఆ ఉత్తరాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: మా పెద్దబ్బాయి జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మీరు రాసింది ఫోన్లో చదివి వినిపిస్తే, "అమ్మా, ఇక్కడ కార్ల్ ఆర్నాల్డ్ ప్లాట్స్ అని ఒక చౌరస్తా ఉన్నది, దాని పక్క నుంచే పోతుంటా" అన్నాడు. ఆ ఆర్నాల్డ్, మీరు రాసిన ఆర్నాల్డ్ ఒక్కరేనా? ఎవరి బిడ్డ, ఎక్కడివాడు?
— ఒక గృహిణి, హసన్‌పర్తి

జవాబు: ఒక్కరేనమ్మా. మీ బాబు ఉండే ఊరికి ఆయన పొట్ట చేతబట్టుకుని వచ్చినవాడే, మీ బాబు లాగే. 1901 మార్చి 21న దక్షిణ జర్మనీలో, బీబెరాఖ్ పట్నం దగ్గర హెర్లిస్‌హ్యోఫెన్ అనే పల్లెలో ఒక చిన్న రైతు ఇంట్లో పుట్టాడు. బడి చదువు అయిపోగానే చెప్పుల పనిలో చేరాడు. పని చేతికొచ్చాక, మ్యూనిక్‌లో కార్మికుల కోసం నడిచే ఒక సామాజిక పాఠశాలలో చదువుకున్నాడు. ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్నప్పుడు డ్యూసెల్‌డార్ఫ్‌కు వచ్చి తోలు కార్మికుల క్రైస్తవ సంఘంలో కార్యదర్శిగా కుదిరాడు. 1924 నాటికి ఆ నగరంలోని క్రైస్తవ కార్మిక సంఘాలన్నిటి బాధ్యత ఆయన మీద పడింది. ఆ తర్వాత నగర సభకు ఎన్నికయ్యాడు.

చనిపోయింది కూడా ఆ ఊళ్లోనే. ఆ చౌరస్తా బోర్డు ఫొటో ఒకటి తీసి పంపమని మీ బాబుకు చెప్పండి. నేను చూడాలి.

ప్రశ్న: చెప్పులు కుట్టే మనిషి ముఖ్యమంత్రి అయ్యాడని గొప్పగా రాశారు. అక్కడ ఆ పనికి మన దగ్గర ఉన్నట్టు అంటరానితనం అంటుకుని ఉందా? లేకపోతే ఆ పోలిక మమ్మల్ని తప్పుదోవ పట్టించదా?
— పరిశోధక విద్యార్థి, కాకతీయ యూనివర్సిటీ

జవాబు: పట్టిస్తుంది. మీరు అడిగింది న్యాయం. నేను ఆ మాట మరింత జాగ్రత్తగా రాయవలసింది.

జర్మనీలో చెప్పుల పని ఒక చేతివృత్తి. ఏ ఇంటి పిల్లవాడైనా ఒక మేస్త్రీ దగ్గర చేరి, కొన్నేళ్లు నేర్చుకుని, పరీక్ష ఇచ్చి పనివాడు కావచ్చు. పదహారో శతాబ్దంలో న్యూరెంబర్గ్ వాళ్లు గర్వంగా చెప్పుకున్న కవి హాన్స్ సాక్స్ చెప్పులు కుట్టినవాడే. 1919లో జర్మనీకి మొదటి అధ్యక్షుడైన ఫ్రీడ్రిష్ ఎబెర్ట్ గుర్రాల జీన్లు కుట్టే పని నేర్చినవాడు. పేదరికం ఉంది, చులకనా ఉంది. కానీ ఆ పని చేసినందుకు బావి నీళ్లు ముట్టనివ్వకపోవడం, ఊరి వెలుపల ఉంచడం అక్కడ లేవు. మన దగ్గర తోలు ముట్టుకున్న చేతులను తరతరాలుగా ఊరవతల పెట్టాం. అక్కడ ఆర్నాల్డ్ ఎక్కిన మెట్లు, ఇక్కడ ఆ పని చేసే కుటుంబంలోని బిడ్డ ఎక్కాల్సిన మెట్లు ఒక్కటి కావు. ఆయన పేదవాడి బిడ్డ, చేతిపని తెలిసినవాడు, అంతవరకే పోలిక.

ప్రశ్న: క్రైస్తవ కార్మిక సంఘం అంటే చర్చిలో ప్రార్థన చేసుకునే సంఘమా? సమ్మెలు చేసేదా? మన దగ్గర ఒక్క బాయి గేటు ముందు ఇన్ని జెండాలున్నట్టు అక్కడా ఉండేవా?
— సింగరేణి విశ్రాంత కార్మికుడు, గోదావరిఖని

జవాబు: ఉండేవి. 1933కు ముందు జర్మనీలో సంఘాలు ముఖ్యంగా మూడు పాయలు. అన్నిటికంటే పెద్దవి వామపక్ష పార్టీ అయిన సోషల్ డెమోక్రాట్లకు దగ్గరగా ఉన్న సంఘాలు. రెండోవి క్రైస్తవ సంఘాలు. మూడోవి చిన్నవి, ఉదారవాదులవి. క్రైస్తవ సంఘాల్లో కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ కలిసే ఉండేవారు. 1891లో పోప్ పదమూడో లియో, కూలికి బతకడానికి సరిపోయే వేతనం ఇవ్వడం న్యాయమనీ, సంఘం పెట్టుకోవడం కార్మికుడి హక్కనీ రాసిన లేఖ వాళ్లకు పెద్ద దన్ను. ప్రార్థనతో పాటు సమ్మె కూడా చేశారు. 1905లో రూర్ గనుల్లో దాదాపు రెండు లక్షల మంది బాయి దిగకుండా కూర్చున్నప్పుడు అన్ని రంగుల సంఘాలూ ఒక్కటిగా నిలబడ్డాయి.

మిగతా రోజుల్లో మాత్రం ఒకరినొకరు నమ్మలేదు. దానికి కట్టిన మూల్యం మే డేతో ముడిపడి ఉంది. 1933 మే 1ని హిట్లర్ జీతంతో కూడిన సెలవు దినంగా ప్రకటించాడు. కార్మికులు ఊరేగింపుల్లో నడిచారు. మర్నాడు, మే 2న, నాజీల దండు సోషల్ డెమోక్రాట్ సంఘాల ఆఫీసులన్నిటినీ ఆక్రమించింది. డబ్బు గుంజుకుంది, నాయకులను పట్టుకుపోయింది. తమ జోలికి రారేమోనని క్రైస్తవ సంఘాల వాళ్లు కొందరు ఆశపడ్డారు. కొద్ది వారాల్లోనే వాటికీ తాళం పడింది.

అందుకే 1945లో శిథిలాల మధ్య మళ్లీ కూడినప్పుడు ఆర్నాల్డ్, ఆయనతో పాటు వేరే జెండాల కింద పనిచేసిన పాతవాళ్లు, మతాన్నీ పార్టీనీ పక్కనపెట్టి ఒకే సంఘం అన్నారు. ఆ ఆలోచనే 1949 అక్టోబరులో మ్యూనిక్‌లో జర్మన్ కార్మిక సంఘాల సమాఖ్య అయింది. పదహారు సంఘాలు అందులో చేరాయి. మొదటి అధ్యక్షుడు హాన్స్ బ్యోక్లర్ సోషల్ డెమోక్రాట్. ఆర్నాల్డ్ క్రైస్తవ పార్టీ మనిషి. ఇద్దరూ ఒకే మాట మీద నిలబడిన సందర్భం కింద ఇంకో జవాబులో వస్తుంది.

ప్రశ్న: హిట్లర్ పన్నెండేళ్లలో ఆయన ఎక్కడున్నాడు? తలవంచి బతికాడా, తల ఎత్తాడా? ఇది తెలియకుండా ఒక నాయకుడిని ఎలా మెచ్చుకోవాలి?
— విశ్రాంత ఓవర్‌మెన్, మందమర్రి

జవాబు: సంఘం పోయింది, దాంతో జీతమూ పోయింది. డ్యూసెల్‌డార్ఫ్‌లోనే నీళ్ల పైపులు, ఇళ్లు వెచ్చబెట్టే పరికరాలు బిగించే ఒక దుకాణంలో వాటాదారుగా చేరి బతుకు వెళ్లదీశాడు. పాత సంఘం మిత్రులతో పరిచయం మాత్రం వదల్లేదు. పక్కనున్న కొలోన్ నగరంలో కాథలిక్ కార్మికోద్యమం వాళ్లు కొందరు రహస్యంగా కలుసుకుని, హిట్లర్ తర్వాత దేశం ఎలా ఉండాలని మాట్లాడుకునేవారు. 1944 జులై 20న హిట్లర్ మీద బాంబు పేలి, అతను బతికి బయటపడ్డాక దేశమంతా గాలింపు జరిగింది. ఆర్నాల్డ్‌నూ హిట్లర్ రహస్య పోలీసు దళం గెస్టాపో పట్టుకుపోయింది. కొన్నాళ్లకు వదిలిపెట్టారు.

ఆయన మిత్రులను మాత్రం వాళ్లు విడిచిపెట్టలేదు. మీరు బాయి మనిషి కాబట్టి ఒకరి గురించి చెబుతాను. నికోలాస్ గ్రోస్. రూర్‌లో బొగ్గు తవ్వినవాడు. సాయంత్రాలు చదువుకుని సంఘం పత్రికకు సంపాదకుడయ్యాడు. ఏడుగురు పిల్లల తండ్రి. 1945 జనవరి 23న బెర్లిన్‌లోని ప్లెట్సెన్‌జే జైల్లో ఉరి తీశారు. ఆయన సహచరుడు బెర్న్‌హార్డ్ లెట్టర్‌హౌస్ మగ్గం పని నేర్చినవాడు, ఆయన్ను అంతకు రెండు నెలల ముందే అదే జైల్లో చంపారు. 2001లో కాథలిక్ చర్చి గ్రోస్‌ను ధన్యుడిగా ప్రకటించింది.

ఆర్నాల్డ్ తల ఎంత ఎత్తాడని తూచే తక్కెడ నా దగ్గర లేదు. ఒక్కటి మాత్రం నాకు అర్థమవుతుంది. ఆ తర్వాత పదమూడేళ్లు ఆయన చేసిన ప్రతి పనీ, గ్రోస్, లెట్టర్‌హౌస్ కూడా ఉండి చేయాల్సినది.

ప్రశ్న: యుద్ధంలో ఓడిపోయి, తిండి లేని రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయితే మొదట ఏం చేస్తారు? పిల్లలకు పాఠంలో చెప్పాలనుకుంటున్నాను.
— సాంఘిక శాస్త్రం టీచర్, జమ్మికుంట

జవాబు: తల్లీ, పిల్లలకు ఆ చలికాలం నుంచి చెప్పండి. 1946–47 శీతాకాలం. డ్యూసెల్‌డార్ఫ్ సగానికి సగం శిథిలం. 1946 జనవరిలో బ్రిటిష్ సైన్యం ఆర్నాల్డ్‌ను ఆ నగరానికి మేయరుగా పెట్టింది. అదే ఏడాది ఆగస్టు 23న నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా అనే కొత్త రాష్ట్రాన్ని కూడా వాళ్లే కుట్టారు. డ్యూసెల్‌డార్ఫ్ రాజధాని. కాలువలు గడ్డకట్టాయి, రైళ్లు ఆగాయి. బొగ్గు బాయి ఒడ్డున గుట్టలుగా ఉంది, పది మైళ్ల అవతల ఇళ్లల్లో జనం చలికి చచ్చారు. రేషన్ కార్డు మీద దొరికేది కొన్ని వారాలు రోజుకు వెయ్యి కేలరీల లోపే. జనం కదిలే బొగ్గు రైళ్లెక్కి పెళ్లలు కిందికి విసిరేవారు. కొలోన్ కార్డినల్ ఫ్రింగ్స్ 1946 డిసెంబరు 31 రాత్రి ప్రసంగంలో, ప్రాణం నిలుపుకోడానికి వేరే దారి లేనప్పుడు కావలసినంత తీసుకోవడం తప్పు కాదన్నాడు. అప్పటి నుంచి బొగ్గు ఎత్తుకురావడానికి జనం ఆయన పేరు మీద "ఫ్రింగ్సెన్" అని కొత్త క్రియే పుట్టించారు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు కాజీపేట గుర్తొచ్చింది. స్టీమ్ ఇంజన్ల కాలంలో పట్టాల పక్కన రాలిన బొగ్గు పెళ్లలు గంపలో ఏరుకున్న పిల్లల్లో నేనూ ఒకణ్ణి. మా అమ్మ ఆ బొగ్గు మీదనే వండేది. చలికి చావడం మాకు లేదు. కానీ ఆ గంప బరువు ఎంతుంటుందో తెలుసు.

1947 వసంతంలో రూర్ కార్మికులు ఆకలి ఊరేగింపులు తీశారు. ఏప్రిల్‌లో ఎన్నికలు జరిగాయి, జూన్ 17న ఆర్నాల్డ్ ముఖ్యమంత్రి అయ్యాడు. మంత్రివర్గంలో తన క్రైస్తవ డెమోక్రాట్లతో పాటు సోషల్ డెమోక్రాట్లను, పాత సెంటర్ పార్టీ వాళ్లను, చివరికి కమ్యూనిస్టులను కూడా కూర్చోబెట్టాడు. ఇల్లు కాలిపోతున్నప్పుడు బిందె పట్టుకున్నవాణ్ణి ఏ పార్టీ అని అడగరు. కమ్యూనిస్టు మంత్రులు 1948లో బయటికి వెళ్లారు. మిగతావాళ్లతో ఆయన ముందుకు నడిచాడు.

ప్రశ్న: ఉమ్మడి నిర్ణయం అని, కంపెనీ బోర్డులో సగం కుర్చీలు కార్మికులవని జర్మనీ గురించి మా యూనియన్ క్లాసులో చెప్పారు. నిజంగా సగమా? అది ఎట్లా నడుస్తుంది? మనకు లాభాల వాటా వస్తున్నది కదా, అది కూడా అట్లాంటిదేనా?
— ఓపెన్‌కాస్ట్ డంపర్ ఆపరేటర్, గోదావరిఖని

జవాబు: ఈ జవాబు కొంచెం పొడుగవుతుంది. దీని కోసమే నేను ఆర్నాల్డ్ పేరు ఎత్తాను.

ముందు నా సంగతి ఒకటి. మా నాయిన వరంగల్ దగ్గర ఒక జిన్నింగు మిల్లులో దూది బేళ్లు కట్టేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక పొద్దున మిల్లు గేటుకు ఇంగ్లీషు కాగితం అంటించి ఉంది. చదవచ్చినోళ్లు అక్కడ లేరు. నాయిన నన్ను బడికి పోనియ్యకుండా ఆపి గేటు కాడికి తీసుకపోయిండు. "గీ కాయితంల ఏమున్నదో సదువు బిడ్డా" అన్నడు. నేను కూడబలుక్కుని చదివి, "మిల్లు బందువెడుతున్నరట నాయినా, ఇయ్యాల్టి నుంచే" అన్నాను. చుట్టూ నలభై మంది ఉన్నారు. ఎవరూ నోరెత్తలేదు. కాసేపటికి ఒక ముసలాయన, "మనల నొక్కమాట అడగలే గదా" అన్నడు. నా జీవితంలో నేను చేసిన మొదటి అనువాదం అది.

ఇప్పుడు రూర్‌కు వద్దాం. అక్కడి బొగ్గు, ఉక్కు యజమానుల్లో చాలామంది హిట్లర్‌కు అండగా నిలిచారు, ఆయుధాలు తయారుచేసి ఇచ్చారు. యుద్ధం తర్వాత ఆ కంపెనీలు మళ్లీ అదే చేతుల్లోకి పోవడానికి వీల్లేదని దాదాపు అన్ని పార్టీలూ అనుకున్నాయి. ఆర్నాల్డ్ పార్టీ కూడా 1947 ఫిబ్రవరిలో ఆలెన్ అనే బొగ్గు ఊళ్లో ఒక కార్యక్రమం ఆమోదించి, పెట్టుబడిదారీ విధానం జర్మన్ ప్రజల మేలుకు సరిపోలేదని తేల్చింది. 1948 ఆగస్టులో ఆయన రాష్ట్ర శాసనసభ బొగ్గు గనులను ప్రజల సొత్తు చేసే చట్టం చేసింది. బ్రిటిష్ మిలిటరీ గవర్నర్ దానికి ఒప్పుకోలేదు. ఇంత పెద్ద విషయం రేపు ఏర్పడబోయే కేంద్ర ప్రభుత్వం తేల్చాలన్నారు. వెనక అమెరికా అభ్యంతరం ఉంది. చట్టం అక్కడే ఆగిపోయింది.

సొత్తు చేతికి రాలేదు గానీ, నిర్ణయంలో వాటా వచ్చింది. 1947లోనే బ్రిటిష్ ఆధీనంలోని ఉక్కు కంపెనీల మీద అజమాయిషీ చేసే పర్యవేక్షక బోర్డుల్లో సగం కుర్చీలు కార్మికులకు దక్కాయి. 1950లో ఆ ఏర్పాటు ఎత్తేస్తారేమోనన్న అనుమానం రాగానే సంఘం ఓటింగ్ పెట్టింది. ఉక్కు కార్మికుల్లో నూటికి 95 మందికి పైగా సమ్మెకు సై అన్నారు. 1951 జనవరిలో గని కార్మికులూ నూటికి 92 మంది అదే మాటన్నారు. అప్పుడు బ్యోక్లర్ వెళ్లి ఛాన్సలర్ (మన ప్రధాని లాంటి పదవి) అడెనావర్ ముందు కూర్చుని ఒప్పందం తెచ్చాడు. ఫిబ్రవరి 16న బ్యోక్లర్ చనిపోయాడు, చట్టం చూడకుండానే. ఏప్రిల్ 10న పార్లమెంటు దాన్ని ఆమోదించింది. పోరాటం సంఘానిది, ఆ గౌరవం సంఘానికే దక్కాలి. డ్యూసెల్‌డార్ఫ్‌లో కూర్చున్న ముఖ్యమంత్రి, ఛాన్సలర్ పార్టీ మనిషై ఉండి కూడా, కార్మికుల పక్షాన మాట్లాడాడు.

ఎట్లా నడుస్తుందంటారా? వెయ్యి మందికి పైగా ఉన్న బొగ్గు, ఉక్కు కంపెనీకి పర్యవేక్షక బోర్డు ఉంటుంది. మామూలుగా 11 మంది. అయిదుగురు వాటాదారుల వైపు, అయిదుగురు కార్మికుల వైపు. పదకొండో మనిషి రెండు పక్షాలూ ఒప్పుకున్నవాడు. రోజువారీ కంపెనీ నడిపే డైరెక్టర్లలో కార్మిక డైరెక్టర్ అని ఒకరు ఉండాలి. బోర్డులోని కార్మిక ప్రతినిధుల్లో ఎక్కువమంది వద్దంటే ఆయన్ను పెట్టడానికీ, తీసేయడానికీ వీల్లేదు. జీతాలు, భర్తీ, భద్రత, శిక్షణ ఆయన చేతిలో ఉంటాయి. మిగతా డైరెక్టర్లతో సమానం, కింద కాదు. నిజంగా సగమే. అయితే బొగ్గూ ఉక్కూ దాటితే సగం లేదు. 1952 చట్టం మిగతా పరిశ్రమలకు మూడో వంతే ఇచ్చింది, సంఘాలు దాన్ని ఓటమిగానే లెక్కవేశాయి. 1976లో రెండు వేల మందికి పైగా ఉన్న కంపెనీలకు సగం దాకా తెచ్చారు గానీ, ఓట్లు సమానమైతే చైర్మన్‌కు రెండో ఓటు. ఆ చైర్మన్ వాటాదారుల వైపు మనిషి.

లాభాల వాటా వేరే సంగతి. దసరా ముందు వచ్చే ఆ డబ్బు మీ చెమట, దాన్ని తక్కువ చేయను. కానీ అది నిర్ణయం అయిపోయాక చేతిలో పెట్టే వాటా. ఏ బాయి మూయాలి, ఎక్కడ కొత్తది తవ్వాలి, ఎంతమందిని తీసుకోవాలి అనే దగ్గర చేయి ఎత్తే హక్కు కాదు. 1976లో మన రాజ్యాంగంలో 43ఎ అధికరణం చేర్చి, పరిశ్రమ నిర్వహణలో కార్మికులకు పాత్ర ఉండేలా ప్రభుత్వం చూడాలని రాసుకున్నాం. ఆదేశిక సూత్రం గనుక కోర్టుకు పోయి అడగలేం. 1990లో రాజ్యసభలో బిల్లు కూడా పెట్టారు, చట్టం కాలేదు. జాతీయ బ్యాంకుల బోర్డుల్లో ఉద్యోగుల ప్రతినిధులకు చట్టంలో కుర్చీలు ఉన్నాయి. సగం అనే మాట మాత్రం మన చట్టాల్లో ఎక్కడా లేదు. 1998 నుంచి సింగరేణిలో రహస్య ఓటుతో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకుంటున్నారు. ఆ ఓటు వేసే మీరు, బోర్డులో కుర్చీ కూడా అడగొచ్చు. అడగాలనే నేను అంటాను.

ప్రశ్న: ఆ రాష్ట్రానికి సొంత రాజ్యాంగం ఉందట కదా. అందులో కార్మికుడి గురించి ఏమైనా ఉందా?
— న్యాయవాది, హన్మకొండ

జవాబు: ఉంది. 1950 జూన్ 18న ప్రజల ఓటుతో ఆమోదం పొందింది. 24వ అధికరణం ఆర్థిక జీవితానికి నడిబొడ్డున మనిషి మేలు ఉండాలంటుంది. ఆ వెంటనే, మనిషి శ్రమశక్తిని కాపాడటం ఆస్తిని కాపాడటం కంటే ముందని రాసి ఉంది. 26వ అధికరణం కార్మికులకు సమాన హోదాలో ఉమ్మడి నిర్ణయపు హక్కును గుర్తిస్తుంది. గుత్తాధిపత్యం ఉన్న మూల పరిశ్రమలను సమాజం సొత్తు చేయాలని 27 చెబుతుంది. 27 మాట కాగితం మీదే మిగిలింది. ఇవి ఇప్పటికీ ఆ రాజ్యాంగంలో ఉన్నాయి. కోర్టులో మీరు వాదించేటప్పుడు పనికిరావు గానీ, ఒకసారి చదవండి.

ప్రశ్న: ఇంత మంచివాడైతే పదవి నుంచి ఎందుకు దింపారు? ఏదైనా కుంభకోణమా?
— చిల్లర దుకాణదారు, నర్సంపేట

జవాబు: కుంభకోణం లేదు. అప్పటి కేంద్ర రాజధాని బాన్‌లో వేసిన లెక్కకు డ్యూసెల్‌డార్ఫ్‌లో ఆయన బలయ్యాడు.

అడెనావర్, ఆర్నాల్డ్ ఒకే పార్టీ. కానీ ఆలోచనలు వేరు. యుద్ధానంతరం రెండు పెద్ద పార్టీలూ కలిసి దేశాన్ని నడపాలని ఆర్నాల్డ్ అన్నాడు. సోషల్ డెమోక్రాట్లను దూరం పెట్టాలని అడెనావర్ అన్నాడు. 1949 సెప్టెంబరు 7న మన రాజ్యసభ లాంటి రాష్ట్రాల సభకు మొదటి అధ్యక్షుడిగా బవేరియా ముఖ్యమంత్రిని కూర్చోబెట్టాలని అడెనావర్ మాట ఇచ్చి ఉండగా, సభ్యులు ఆర్నాల్డ్‌ను ఎన్నుకున్నారు. 12న థియోడోర్ హాయిస్ దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యేదాకా ఆ అయిదు రోజులు దేశాధినేత అధికారాలు చెప్పులు కుట్టిన ఆ చేతుల్లోనే ఉన్నాయి. అడెనావర్ ఆ సంగతి తేలిగ్గా తీసుకోలేదు. మూడు రోజుల తర్వాత ఆయన ఛాన్సలర్‌గా ఎన్నికయ్యాడు, కావలసిన దానికంటే ఒక్క ఓటు కూడా ఎక్కువ లేకుండా.

1956కు వద్దాం. అడెనావర్ పార్టీ ఎన్నికల పద్ధతి మార్చే ప్రతిపాదన తెచ్చింది. అది చట్టమైతే చిన్న పార్టీ అయిన ఫ్రీ డెమోక్రాట్లకు పార్లమెంటులో సీట్లు బాగా తగ్గిపోతాయి. ఆ పార్టీ డ్యూసెల్‌డార్ఫ్‌లో ఆర్నాల్డ్ ప్రభుత్వంలో భాగస్వామి. అందులోని కుర్ర నాయకులు కోపంతో గోడ దూకి సోషల్ డెమోక్రాట్లతో కలిశారు. ఫిబ్రవరి 20న అవిశ్వాసం, 102 ఓట్లు. ఆర్నాల్డ్ దిగిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన ఫ్రిట్స్ స్టైన్‌హోఫ్ కూడా బాయిలో పనిచేసినవాడే, నాజీల జైలు చూసినవాడే. చెప్పుల పనివాడు దిగితే బొగ్గు పనివాడు ఎక్కాడు. ఓడినా గెలిచినా ఆ కుర్చీ కూలివాళ్ల ఇళ్ల నుంచి వచ్చిన మనుషులదే అయింది కదా అని నాకు సంతోషం.

ఆర్నాల్డ్ పార్టీ మారలేదు. పార్టీలోని కార్మికుల విభాగానికి అధ్యక్షుడయ్యాడు. 1957లో కేంద్ర పార్లమెంటుకు వెళ్లాడు. 1958లో రాష్ట్ర ఎన్నికలొస్తే మళ్లీ ముఖ్యమంత్రి అభ్యర్థిగా ఊరూరూ తిరిగాడు. ఓటింగుకు సరిగ్గా వారం ముందు, జూన్ 29న, గుండె ఆగి పోయాడు. 57 ఏళ్లు. జులై 6న ఆయన పార్టీకి సగానికి పైగా ఓట్లు వచ్చాయి. ఫలితం చూడటానికి ఆయన లేడు.

ప్రశ్న: యూరప్ దేశాలు కలవడంలో ఈయన పాత్ర ఉందని ఎక్కడో విన్నాను. నిజమా?
— డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: నిజం. గెలిచిన దేశాలు రూర్‌ను తమ అదుపులో ఉంచుకోవాలని చూస్తున్న రోజుల్లో, 1949 కొత్త సంవత్సరం ప్రసంగంలో ఆయన వేరే దారి చెప్పాడు. జర్మనీ రూర్ బొగ్గు తెస్తుంది, ఫ్రాన్స్ లోరెయిన్ ఇనుప ఖనిజం తెస్తుంది, బెల్జియం, లక్సెంబర్గ్ కూడా తమది తెస్తాయి, సహకార పద్ధతిలో అందరూ కలిసి నడుపుకుందాం అన్నాడు. మన పాల సంఘంలో ప్రతి ఇల్లూ తన చెంబు తెచ్చి పోసినట్టు. ఏడాదిన్నర తిరగకుండానే, 1950 మే 9న, ఫ్రెంచి విదేశాంగ మంత్రి షుమాన్ బొగ్గు, ఉక్కు ఉమ్మడి పథకం ప్రకటించాడు. 1951లో ఆరు దేశాల ఒప్పందమైంది. ఇవాళ్టి యూరోపియన్ యూనియన్ వేర్లు అందులో ఉన్నాయి. షుమాన్ పథకం షుమాన్‌దే. కానీ ఓడిపోయిన దేశం వైపు నుంచి ఆ మాట ముందుగా అన్నవాళ్లలో ఆర్నాల్డ్ ఉన్నాడు.

ప్రశ్న: అక్కడ ఇంకా బొగ్గు బాయిలు నడుస్తున్నాయా? మా నాన్నది అండర్‌గ్రౌండ్. మా బాయి ఇంకెన్నేళ్లుంటదో అని ఇంట్లో రోజూ ఇదే మాట.
— ఐటీఐ విద్యార్థి, భూపాలపల్లి

జవాబు: రూర్‌లో ఒక్కటీ లేదు. ఆర్నాల్డ్ చనిపోయిన 1958లోనే బొగ్గు సంక్షోభం మొదలైంది. చమురు, విదేశీ బొగ్గు చవకై, బాయిల ఒడ్డున అమ్ముడుపోని గుట్టలు పేరుకున్నాయి. అప్పటికి జర్మనీ రాతి బొగ్గు గనుల్లో దాదాపు ఆరు లక్షల మంది ఉండేవారు. అరవై ఏళ్లలో ఒక్కొక్క బాయీ మూసుకుంటూ వచ్చారు. చివరిది బాట్రోప్ పట్నంలో ప్రోస్పర్-హానియెల్. 2018 డిసెంబరు 21న అందులోంచి ఆఖరి బొగ్గు పెళ్ల పైకి తెచ్చి, కార్మికులు దేశాధ్యక్షుడి చేతిలో పెట్టారు. చాలామంది ఏడ్చారు.

మూయడం బాధే. ఎట్లా మూశారన్నది మీరు గమనించండి. కార్మిక ప్రతినిధులు బోర్డులో కూర్చుని ఉన్నారు. ఫలానా ఏడాదికి ఆపేస్తామని ప్రభుత్వం, కంపెనీ, సంఘం 2007లోనే కూర్చుని తేల్చుకున్నాయి. వయసైనవాళ్లకు ముందస్తు పింఛను, చిన్నవాళ్లకు వేరే బాయికో వేరే పనికో బదిలీ, కొత్త పని నేర్పడం. మూకుమ్మడిగా బయటికి గెంటడం ఉండకూడదని గట్టిగా పట్టుబట్టారు. మీ నాన్నగారి యూనియన్ వాళ్లను ఈ లెక్క అడగమనండి: మన బాయి ఆయుష్షు ఎంత, ఆ తర్వాత ఎవరెక్కడికి, ఆ కాగితం మాకు ఎప్పుడు చూపిస్తారు?

బాట్రోప్ కార్మికుడికి తన బాయి ఎప్పుడు మూస్తారో పదకొండేళ్ల ముందు తెలుసు. మా నాయినకు ఆ పొద్దున గేటు కాడ తెలిసింది, నేను చదివితే.